‘యానిమల్ హౌస్’: గుమ్మం దగ్గర ఆపేసినవాళ్ల కథ



ఈ పూట ఒక అమెరికన్ హాస్యచిత్రం గురించి మాట్లాడతాను. పేరు ‘నేషనల్ లాంపూన్స్ యానిమల్ హౌస్’. 1978 జులై 28న విడుదలైంది. కాలేజీ కుర్రాళ్లు తాగి తందనాలాడే సినిమా అని దీనికి పేరుపడింది. ఆ పేరు ఊరికే రాలేదు, సినిమా నిండా బీరు పారుతూనే ఉంటుంది. నన్ను మాత్రం ఇందులో ఒక గుమ్మం పట్టుకుని వదలదు. ఆ గుమ్మంలో ఎవరిని లోపలికి రమ్మంటారు, ఎవరిని నవ్వుతూనే పక్కకి తప్పిస్తారు? ఈ సినిమా గొప్పతనం ఆ ప్రశ్న వేయడంలో ఉంది. లోపమూ అక్కడే ఉంది, వేసిన ప్రశ్నని చివరిదాకా పట్టుకోలేదు. ఈ రెండూ చెప్పడానికే మీ ముందుకొచ్చాను.

పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న ఇళ్లలో ‘ఫ్రటర్నిటీ’ అన్న మాట వినే ఉంటారు. విననివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఇవి మగపిల్లల సంఘాలు. రెండో మూడో గ్రీకు అక్షరాలు కలిపి పేరు పెట్టుకుంటారు. క్యాంపస్‌ దగ్గర ఒక పెద్ద ఇల్లు ఉంటుంది, సభ్యులు అందులోనే కలిసి ఉంటారు. మన హాస్టల్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. హాస్టల్లో సీటు కాలేజీవాళ్లు ఇస్తారు. ఇక్కడ ఇచ్చేది సీనియర్లు. కొత్తగా చేరిన కుర్రాడు ఏడాది మొదట్లో ఇంటింటికీ వెళ్లి తనని తాను చూపించుకోవాలి. నచ్చితే తీసుకుంటారు, లేకపోతే లేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాల్సిన పని కూడా లేదు.

ఈ ఆచారం పాతదే. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో గ్రీకు అక్షరాల సంఘాలు మొదలయ్యాయి. కలిసి తిని, తాగి, ఉండే తరహా సంఘాలకి 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీ దారి చూపింది. చాలా సంఘాల్లో నల్లజాతివాళ్లకీ యూదులకీ ప్రవేశం ఉండేది కాదు. కొన్ని ఆ సంగతిని నిబంధనల్లోనే రాసిపెట్టుకున్నాయి. బయట నిలబడ్డవాళ్లు ఊరుకోలేదు. 1898లో యూదు విద్యార్థులు జీటా బీటా టౌ పెట్టుకున్నారు. 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. సినిమా రాసిన ముగ్గురిలో ఒకరైన హెరాల్డ్ రేమిస్ షికాగోలోని యూదు కుటుంబంలో పుట్టాడు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆ జీటా బీటా టౌలోనే సభ్యుడిగా ఉన్నాడు. రెండో రచయిత క్రిస్ మిల్లర్ డార్ట్‌మత్ కాలేజీలో ఆల్ఫా డెల్టా ఫై సభ్యుడు. అక్కడి అనుభవాలనే ‘నేషనల్ లాంపూన్’ అనే హాస్యపత్రికలో కథలుగా రాశాడు. వివక్ష నిబంధనలు ఉన్న ఫ్రటర్నిటీలు 1960 కల్లా వాటిని వదిలించుకోవాలని 1954లో విద్యార్థులే ఓటు వేసి తేల్చిన కాలేజీ అది. మూడోవాడు డగ్లస్ కెన్నీ. హార్వర్డ్‌లో చదివి, 1970లో ఆ లాంపూన్ పత్రికని స్థాపించినవాళ్లలో ఒకడు. దర్శకుడు జాన్ లాండిస్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇది లోపలివాళ్లు రాసిన సినిమా. దూరం నుంచి చూసి రాసినవాళ్ల చేతిలో ఇంత వేడి ఉండేది కాదు.

కథ 1962లో, ఫేబర్ కాలేజీ అనే కల్పిత కాలేజీలో జరుగుతుంది. కాలేజీ స్థాపకుడి విగ్రహం కింద ఒక సూక్తి చెక్కి ఉంటుంది. జ్ఞానం మంచిది, అని. అంతకు మించి చెప్పడానికి ఆ మహానుభావుడికి ఏమీ దొరకలేదు. లారీ క్రోగర్, కెంట్ డార్ఫ్‌మన్ అనే ఇద్దరు కొత్త కుర్రాళ్లు ముందుగా ఒమెగా హౌస్‌కి వెళతారు. కాలేజీలో అన్నిటికన్నా పరువైన ఇల్లు అది.

ఇక్కడ కాస్త ఆగి ఆ సన్నివేశాన్ని దగ్గరగా చూడాలి. ఒమెగా కుర్రాడు ఒకడు వీళ్లిద్దరినీ గుమ్మంలోనే చూస్తాడు. కెంట్ లావుగా, అమాయకంగా ఉంటాడు. లారీ బెరుకుగా ఉంటాడు. అంతే, తూకం వేయడం అయిపోయింది. చిరునవ్వు చెదరకుండా ఇద్దరినీ గది మూలకి తీసుకెళ్లి ఒక సోఫా దగ్గర పరిచయాలు చేస్తాడు. మొహమ్మద్, జగదీశ్, సిడ్నీ, క్లేటన్. విదేశాల నుంచి వచ్చిన పిల్లలు, శరీరలోపం ఉన్న కుర్రాడు, ఎవరికీ పట్టని మొహమాటస్థుడు, అందరినీ ఏరి ఆ మూలన కూర్చోబెట్టారు. బిస్కెట్లు తినండి, పానకం తాగండి, మొహమాటపడకండి అంటారు. కాసేపటికి వీళ్లు లేచి మిగతా జనంలో కలవబోతే, ఇంకొకడు వచ్చి అంతే మర్యాదగా భుజం పట్టుకుని మళ్లీ అక్కడికే చేరుస్తాడు. మళ్లీ అవే పరిచయాలు. ఎవరూ గొంతు పెంచరు. ఎవరూ పొమ్మనరు. ఇంతకంటే క్రూరమైన మర్యాదని హాస్యచిత్రంలో నేను చూడలేదు. జగదీశ్ అన్న పేరు వినగానే మనవాడెవడో అక్కడ కూర్చున్నాడని మనకి చురుక్కుమంటుంది. సినిమాలో వాళ్లు ఆ పేరును పలికే తీరు కూడా ఆ మూలకి తగ్గట్టే ఉంటుంది.

అక్కడినుంచి ఇద్దరూ పక్కనే ఉన్న డెల్టా హౌస్‌కి వెళతారు. కిటికీలోంచి ఏదో వస్తువు ఎగిరొచ్చి బయటపడుతుంది. గుమ్మం ముందు బ్లూటో అనే పెద్దమనిషి వీళ్ల బూట్ల మీదే మూత్రం పోస్తాడు. తర్వాత, లోపలికి వచ్చి బీరు తీసుకోండి, డబ్బులేం అక్కర్లేదు అంటాడు. ఆ సినిమాలో వాళ్లకి దొరికిన మొదటి నిజమైన ఆహ్వానం అదే. అయితే డెల్టాలు దేవతలేం కాదు. సభ్యుల్ని ఎంచుకునే రాత్రి గోడమీద కెంట్ ఫొటో పడగానే అందరూ బీరు డబ్బాలు విసురుతారు. వాడి అన్న ఒకప్పుడు డెల్టా సభ్యుడు కాబట్టి తీసుకోక తప్పదు, పైగా సంఘానికి చందా డబ్బు కావాలి. అలా తీసుకుంటారు. తీసుకున్నాక మాత్రం వాడు వాళ్లవాడు. ఇకమీదట ఎవరూ వాడిని విడిచిపెట్టరు.

వీళ్లకి ఎదురు నిలబడినవాడు డీన్ వర్మర్. ఆ పాత్ర వేసిన జాన్ వెర్నన్ ఒక్క చోట కూడా హాస్యం కోసం నటించడు. పెద్ద నేరస్థుల ముఠాని పట్టుకోవాల్సిన పోలీసు అధికారిలా కళ్లెర్రజేస్తూ మాట్లాడతాడు. డెల్టాల మీద అప్పటికే ఒక శిక్ష ఉంది, వాళ్లకి తెలియకుండానే ఉంది. శిక్ష పడినవాడికి తెలియని శిక్ష! ఆ మాట ఇప్పటికీ అమెరికాలో అధికార దర్పాన్ని ఎగతాళి చేయడానికి వాడతారు. పరీక్షల సమయంలో చెత్తబుట్టలో దొరికిన పరీక్షపత్రం స్టెన్సిల్‌ని నమ్ముకుని డెల్టాలు జవాబులు బట్టీ పడతారు. అది ఒమెగాలు మార్చి పెట్టిన దొంగ కాగితం. అందరూ తప్పుతారు. డీన్ ఒక్కొక్కరినీ నిలబెట్టి మార్కులు చదువుతాడు. లారీకి 1.2, కెంట్‌కి 0.2. బ్లూటో వంతు వచ్చేసరికి సున్నా దశాంశం సున్నా. బ్లూటో అప్పుడు రెండు ముక్కురంధ్రాల్లోనూ పెన్సిళ్లు పెట్టుకుని కూర్చుని ఉంటాడు.

డీన్ గది గురించి ఒక సంగతి. స్క్రిప్టు చదివిన విశ్వవిద్యాలయాలు షూటింగ్‌కి ఒప్పుకోలేదు. చివరికి 1977 చివర్లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం తలుపు తీసింది. అధ్యక్షుడు విలియం బాయిడ్ అంతకుముందు కాలిఫోర్నియాలో పనిచేసేటప్పుడు ‘ది గ్రాడ్యుయేట్’ సినిమాకి అనుమతి ఇవ్వలేదని, అది పెద్ద హిట్టయ్యాక మళ్లీ అలాంటి పొరపాటు చేయకూడదని అనుకున్నాడని చెబుతారు. విశ్వవిద్యాలయం పేరు ఎక్కడా కనబడకూడదన్నది షరతు. తన సొంత ఆఫీసునే డీన్ వర్మర్ గదిగా వాడుకోనిచ్చాడు. డెల్టాలు ఒక గుర్రాన్ని రాత్రిపూట తీసుకొచ్చి, ఉత్తుత్తి తూటా పేలిస్తే అది గుండె ఆగి పడిపోయే సన్నివేశం ఆ గదిలోనే. ఒక విశ్వవిద్యాలయ అధ్యక్షుడు తన కుర్చీని అలాంటి పరిహాసానికి ఇచ్చాడంటే ఆయన మీద నాకు గౌరవం కలుగుతుంది. పేరు వద్దన్న ఆ విశ్వవిద్యాలయంలోనే ఇప్పుడు ఫుట్‌బాల్ ఆట మూడో భాగం అయ్యాక స్టేడియమంతా లేచి, సినిమాలోని ‘షౌట్’ పాటకి ఊగుతుంది.

బ్లూటో పాత్ర వేసినవాడు జాన్ బెలూషి. అప్పటికే ‘సాటర్‌డే నైట్ లైవ్’ టీవీ కార్యక్రమంతో దేశమంతా తెలిసిన మనిషి. ఆ కార్యక్రమం కోసం న్యూయార్క్‌కీ షూటింగ్ కోసం ఒరెగాన్‌కీ వారంవారం విమానంలో తిరిగేవాడు. మాటలు తక్కువ పెట్టి, మొహం మీదే పాత్ర నడపాలని లాండిస్ అనుకున్నాడు. మార్క్స్ సోదరుల్లో పెదవి విప్పని హార్పో ఆయన మనసులో ఉన్నాడు. మెట్ల మీది సన్నివేశం చూడండి. ఒక కుర్రాడు గిటారు పట్టుకుని అమ్మాయిలకి నాజూకైన ప్రేమపాట పాడుతుంటాడు. బ్లూటో మెట్లు దిగుతూ ఆగుతాడు. వింటాడు. మొహంలో ఏ కదలికా లేదు. ఉన్నట్టుండి గిటారు లాక్కుని గోడకేసి కొట్టి ముక్కలు చేస్తాడు. మిగిలిన పుల్లని తిరిగి ఆ కుర్రాడి చేతిలో పెట్టి క్షమాపణ చెబుతాడు. ఆ ఒక్క క్షమాపణ వల్ల రౌడీ కావలసినవాడు మనకి ప్రియమైనవాడవుతాడు. విరగ్గొట్టకుండా ఉండలేకపోయానన్న బాధ నిజంగా ఆ కళ్లలో ఉంటుంది.

సంగీతం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా రహస్యం సగం అందులో ఉంది. సంగీత దర్శకుడు ఎల్మర్ బెర్న్‌స్టీన్. ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’, ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ చేసిన పెద్దాయన. హాస్యానికి తగినట్టు తుళ్లిపడే సంగీతం వద్దు, గంభీరమైన కథకి చేసినట్టే చేయమని లాండిస్ అడిగాడు. ఆయన అలాగే చేశాడు. కాలేజీ కోసం బ్రామ్స్ విశ్వవిద్యాలయ ఉత్సవ సంగీతాన్ని ఆధారం చేసుకున్నాడు. బ్రామ్స్ కూడా, తనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చిన విశ్వవిద్యాలయానికి కృతజ్ఞతగా 1880లో రాసిన ఆ కృతిలో విద్యార్థులు తాగుతూ పాడుకునే పాటలే అల్లాడు. నటులు నవ్వరు, డీన్ నవ్వడు, వాద్యబృందం నవ్వదు. నవ్వే పని మొత్తం ప్రేక్షకుడికి వదిలేశారు. మన సినిమాల్లో జోకు పేలగానే వెనక నుంచి ‘టుయ్య్’ మనే శబ్దం విని విసిగినవాళ్లు ఈ పద్ధతి విలువ వెంటనే గుర్తుపడతారు.

1962 అన్న సంవత్సరం కూడా ఊరికే పెట్టింది కాదు. కెనడీ హత్యకి ఏడాది ముందు. వియత్నాంకి అమెరికన్ కుర్రాళ్లని లక్షల్లో పంపించడం ఇంకా మొదలుకాలేదు. సినిమా వచ్చిన 1978 నాటికి ఆ యుద్ధం ముగిసింది, నిక్సన్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. చివర్లో ఒక్కొక్క పాత్ర ముఖం ఆపి, తర్వాత వాళ్లేమయ్యారో అక్షరాల్లో చూపిస్తారు. గుర్రపు సవారీ చేస్తూ కుర్రాళ్లని హింసించిన నీడర్‌మేయర్ వియత్నాంలో సొంత సైనికుల చేతిలో చచ్చాడు. ఒమెగాల నాయకుడు మార్మలార్డ్ నిక్సన్ వైట్‌హౌస్‌లో పనిచేసి జైలుకెళ్లాడు. సున్నా మార్కుల బ్లూటో సెనేటర్ అయ్యాడు. అధికారంలోకి వెళ్లిన మర్యాదస్థులు దేశాన్ని ఏం చేశారో అప్పటికే చూసిన ప్రేక్షకులు ఆ నాలుగు వాక్యాలకి ఎందుకంత పెద్దగా నవ్వారో ఊహించవచ్చు. దాదాపు 30 లక్షల డాలర్లతో తీసిన సినిమా అమెరికాలోనే 14 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. 2001లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ చిత్ర జాబితాలో చేర్చింది.

ఇక నేను మొదట చెప్పిన లోపం. ఆడపిల్లల విషయంలో ఈ సినిమా ఒమెగాల కంటే మెరుగైంది కాదు. బ్లూటో నిచ్చెనెక్కి అమ్మాయిల గదిలోకి తొంగిచూస్తాడు, మనవైపు తిరిగి కనుబొమ్మ ఎగరేస్తాడు. ఆ కనుబొమ్మతో ప్రేక్షకుణ్ణి కూడా నిచ్చెనెక్కించాడన్నమాట. తాగి స్పృహ తప్పిన అమ్మాయి పక్కన కుర్రాడు ఏం చేయాలా అని ఊగిసలాడడాన్ని హాస్యంగా చూపారు. వాడు చివరికి మంచిపనే చేస్తాడు. కానీ తర్వాత ఆ పిల్లకి పదమూడేళ్లని తెలియడాన్ని కూడా ఒక జోకుగానే దాటేశారు. ఈరోజు ఇంట్లో ఆడపిల్లతో కూర్చుని చూస్తే ఆ చోట్ల గొంతు పట్టేస్తుంది. పట్టేయాలి కూడా.

నల్లజాతివాళ్ల క్లబ్బు సన్నివేశం ఇంకాస్త చిక్కైనది. డెల్టాల పార్టీలో పాడిన ఓటిస్ డే అనే గాయకుడు ఊరి బయట క్లబ్బులో పాడుతుంటే కుర్రాళ్లు లోపలికి వెళతారు. బూన్ అనేవాడు, ఓటిస్ మనవాడే కదా అని పలకరిస్తాడు. ఓటిస్ పట్టించుకోడు. మా ఇంట్లో పాడాడు కాబట్టి నా స్నేహితుడు అనుకున్నవాడికి గుమ్మం అవతలివైపు ఎలా ఉంటుందో తొలిసారి తెలుస్తుంది. ఇది చాలా తెలివైన ఆలోచన. కానీ అక్కడ ఉన్న నల్లజాతి మగవాళ్లని భయపెట్టే ఆకారాలుగానే చూపించి, తమతో వచ్చిన అమ్మాయిల్ని అక్కడే వదిలేసి పారిపోయిన కుర్రాళ్లని మనవాళ్లుగానే ఉంచారు. యూనివర్సల్ సినిమా సంస్థ అధికారి నెడ్ టానెన్‌కి ఆ సన్నివేశం మీద బెంగ పట్టుకుంది. నల్లజాతి హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ చూసి ఫరవాలేదన్నాక ఉంచారు. నా దృష్టిలో ఆ బెంగ సబబైనదే.

మరి జగదీశ్? సోఫాలోంచి లేచి వచ్చినవాళ్లు లారీ, కెంట్ మాత్రమే. జగదీశ్‌నీ మొహమ్మద్‌నీ డెల్టాలు పిలవలేదు. రచయితలకి ఆ ఆలోచనే రాలేదు. తన సంఘమే మూసిన తలుపుల వల్ల పుట్టిందని ఎరిగిన రేమిస్ కూడా రాయలేదు. ఈ సినిమాని ఇంతగా ప్రేమించే నాకు ఆ వెలితి ప్రతిసారీ ముల్లులా తగులుతుంది.

సినిమా వచ్చిన ఏడాదే అమెరికా క్యాంపస్‌లన్నిటా సినిమాలోని డెల్టాల మాదిరే దుప్పట్లు చుట్టుకుని టోగా పార్టీలు మొదలయ్యాయి. 1979 మొదట్లో మూడు పెద్ద టీవీ సంస్థలూ మూడు నకళ్లు తీశాయి. ఏదీ నిలవలేదు. అనుకరించినవాళ్లు బీరు తీసుకున్నారు, కోపం వదిలేశారు. ఈ సినిమాలో హింసతో చేర్చుకునేది ఎవరో గుర్తుంచుకోండి. కొవ్వొత్తులు, ముసుగు వస్త్రాలు, చెక్క బ్యాటుతో పిర్రల మీద దెబ్బలు, ప్రతి దెబ్బకీ కృతజ్ఞత చెప్పి ఇంకొకటి కొట్టమని అడగడం, ఇదంతా ఒమెగాల ఆచారం. దెబ్బలు తినే ఆ కుర్రాడు కెవిన్ బేకన్, అతని మొదటి సినిమా ఇది. ఆ ఆచారాన్ని సినిమా అసహ్యంతోనే చూపించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం రావడానికి ముందు మన హాస్టళ్లలో ఏం జరిగేదో చాలామందికి తెలుసు. అమెరికాలో ఫ్రటర్నిటీల్లో చేర్చుకునే రాత్రుల్లో కుర్రాళ్లు తాగించబడి చనిపోవడం ఇప్పటికీ ఆగలేదు. 2024 డిసెంబర్‌లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఏ సంఘం ఇలాంటి హింసకి పాల్పడిందో కాలేజీలు బహిరంగంగా ఒక నివేదికలో ప్రకటించాలి. అక్కడికి చదువుకోడానికి వెళ్లే మన పిల్లలకి మొదటి వారంలోనే ఆహ్వానాలు వస్తాయి. వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చు, ముందు ఆ నివేదిక చదివి వెళ్లమనండి.

ఈ చిత్రబృందంలో ఇద్దరు ఎక్కువకాలం బతకలేదు. కెన్నీ 1980లో హవాయి దీవుల్లో కొండచరియ మీదనుంచి పడి చనిపోయాడు. బెలూషి 1982లో మత్తుపదార్థాల వల్ల పోయాడు. ఇద్దరికీ ముప్పైమూడేళ్లే. కెన్నీని తెరమీద చూడాలనుకునేవాళ్లు స్టార్క్ అనే డెల్టాని వెతకండి. కళ్లద్దాల కుర్రాడు, సినిమా పొడవునా దాదాపు మాట్లాడడు. ఆఖరి ఊరేగింపులో బ్యాండుమేళం నాయకుడి చేతిలోంచి దండం లాక్కుని, మొత్తం బ్యాండుని ఒక మూసుకుపోయిన సందులోకి తిప్పేస్తాడు. ముందువరస గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. వెనకవాళ్లు బాకాలూదుతూ, డ్రమ్ములు వాయిస్తూ, వాళ్ల మీదకి నడుస్తూనే ఉంటారు.